1973లో ఆట మానేసిన విల్లీ మేస్ కోసం 2024లో అంతమంది ఎందుకు ఏడ్చారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అబ్బాయి ఫ్రీమాంట్‌లో లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ పోటీలు) ఆడుతున్నాడు. వాళ్ల కోచ్ గారు పెద్దాయన. బేస్‌బాల్ ఆటగాడు విల్లీ మేస్ పోయిన రోజు సంగతి పిల్లలకు చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడు మీవాడు స్కూల్లో ఆ ఆటగాడి గురించి మాట్లాడతానంటున్నాడు. “ఎప్పుడో 1973లో ఆట మానేసిన మనిషి, 93 ఏళ్లు నిండుగా బతికి వెళ్లారు. అంత దుఃఖం దేనికి? ఇంట్లోవాళ్లు, అభిమానులు ఆయన్ని ఏమని తలుచుకున్నారు? మాకు క్రికెట్ తప్ప తెలియదు, పిల్లాడికి ఏం చెప్పాలి?” అన్నది మీ ప్రశ్న.

నేను బే ఏరియాకి వచ్చి చాలా ఏళ్లయింది. పిల్లల లీగుల్లో స్కోరు రాస్తుంటాను, శాన్ ఫ్రాన్సిస్కో జట్టు జెయింట్స్ మ్యాచ్‌లకు వెళ్తుంటాను. స్టేడియంలో పక్క సీట్లలో కూర్చునే పెద్దవాళ్ల నోట మేస్ పేరు విన్నన్నిసార్లు ఇంకే ఆటగాడి పేరూ వినలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నానండీ, ఓపిగ్గా చదవండి.

అసలు జవాబు ముందే చెప్పేస్తాను. మేస్ కోసం ఏడ్చినవాళ్లు ఆయన రికార్డులు తలుచుకుని ఏడవలేదు. ఆయన వాళ్ల వీధిలో ఆడుకున్న మనిషి, వాళ్లింటి రేడియోలో రాత్రిపూట వినిపించిన పేరు, వాళ్ల నాన్న పదే పదే చెప్పిన కబురు. ఆయన పోయారని తెలిసేసరికి ఆ వీధీ, ఆ నాన్నా అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. మీ కోచ్ గారి కన్నీళ్లూ అలాంటివే అయివుంటాయని నాకనిపిస్తోంది.

మేస్ 1931 మే 6న అలబామాలో, బర్మింగ్‌హామ్ పక్కన వెస్ట్‌ఫీల్డ్ అనే చోట పుట్టారు. అదంతా ఉక్కు కర్మాగారాల ప్రాంతం. తండ్రి మిల్లులో పనిచేస్తూ మిల్లు జట్టుకి బేస్‌బాల్ ఆడేవాడు. మైదానంలో చురుగ్గా కదులుతాడని జనం ఆయన్ని ‘క్యాట్’ అని పిలిచేవారు. తాత కూడా ఆటగాడే. ఆ రోజుల్లో నల్లవాళ్లకు మేజర్ లీగ్‌లో, అంటే అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్‌లో, చోటు లేదు. వాళ్లకంటూ వేరే జట్లు, వేరే పోటీలు ఉండేవి, వాటినే నీగ్రో లీగ్స్ అనేవారు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అప్పటికి మేస్‌కి పదహారు నిండలేదు. మరుసటి ఏడాదే బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్ జట్టులో చేరారు. హైస్కూల్ చదువు మానకూడదన్నది తండ్రి షరతు. అందుకని బడి ఉన్న రోజుల్లో చదువు, సెలవు దొరికితే పెద్దవాళ్లతో ఆట. వాళ్ల సొంత మైదానం పేరు రిక్‌వుడ్ ఫీల్డ్. 1910లో కట్టారు. అమెరికాలో ఇప్పటికీ నిలిచివున్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ మైదానాల్లో అదే అన్నిటికన్నా పాతది. ఈ పేరు మీవాడికి బాగా గుర్తుండాలి, ఎందుకంటే ఆయన చివరి వారం కథంతా అక్కడే నడిచింది.

2024 జూన్ 20న రిక్‌వుడ్‌లో జెయింట్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ మధ్య మ్యాచ్ పెట్టారు. ఆ మైదానంలో మేజర్ లీగ్ సీజన్ మ్యాచ్ జరగడం అదే మొదటిసారి. నీగ్రో లీగ్స్‌ ఆటగాళ్లందరికీ గౌరవంగా, ముఖ్యంగా మేస్ కోసం, నెలల ముందునుంచీ ఏర్పాట్లు చేశారు. జూన్ 17న మేస్ ఒక ప్రకటన పంపారు: ప్రయాణం చేయలేను, ఇంట్లో టీవీలో చూస్తాను అని. మర్నాడు, అంటే 18న, కన్నుమూశారు. పెళ్లికి పెద్దదిక్కుగా రావలసిన మనిషి రెండు రోజుల ముందు పోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో, ఆ వారం బర్మింగ్‌హామ్ అలా ఉంది. వార్త తెలిసిన సాయంత్రం రిక్‌వుడ్‌లో మైనర్ లీగ్ (మేజర్ లీగ్ కింది స్థాయి) మ్యాచ్ ఒకటి నడుస్తోంది. మైకులో చెప్పగానే జనమంతా లేచి నిలబడ్డారు. అదే రాత్రి జెయింట్స్ జట్టు చికాగోలో ఆడుతోంది. ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కోలో స్టేడియం బయట ఆయన విగ్రహం దగ్గరికి పూలతో, టోపీలతో, బంతులతో జనం రావడం మొదలైంది.

కొడుకు మైఖేల్ ఆ రోజు విడుదల చేసిన నాలుగు మాటలు నాకు చాలా నచ్చాయి. నాన్న తనవాళ్ల మధ్య ప్రశాంతంగా వెళ్లిపోయారని చెప్పి, వెంటనే అభిమానులకు కృతజ్ఞతలు చెప్పాడు. ఇన్నేళ్లూ మీరు చూపించిన ప్రేమే ఆయనకు ప్రాణం పోసింది అన్న అర్థంలో రాశాడు. తండ్రి పోయిన రోజు ఎవరికైనా తమ దుఃఖమే తమకు ఎక్కువ. అలాంటి రోజున, మా నాన్న మాకొక్కళ్లకే చెందినవాడు కాదు అని చెప్పడానికి ఎంతో పెద్ద మనసు కావాలి.

రెండు రోజుల తర్వాత మ్యాచ్ మొదలయ్యేముందు మైఖేల్ రిక్‌వుడ్ మైదానంలోకి వచ్చాడు. ఒక పక్క జెయింట్స్ మాజీ ఆటగాడు బారీ బాండ్స్, ఇంకో పక్క మరో పేరున్న మాజీ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్. ఏ దారి ఉన్నా సరే మా నాన్న ఇక్కడికి వస్తారని మీకు చెబుతూ వచ్చాను, ఆయన వేరే దారి వెతుక్కున్నారు, వింటున్నారు, ఆయనకు వినిపించేలా చప్పుడు చేయండి అన్నాడు. స్టేడియం మొత్తం “విల్లీ, విల్లీ” అని మోగిపోయింది. మన ఇళ్లల్లో చావంటే గొంతు తగ్గించి మాట్లాడతాం కాబట్టి మొదటిసారి చూసినవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. కానీ జీవితమంతా చప్పట్ల మధ్య గడిపిన మనిషిని చప్పట్లతోనే సాగనంపడంలో ఒక న్యాయం ఉంది. ఆ వీడియో మీవాడికి తప్పకుండా చూపించండి.

ఆ సాయంత్రం లాంఛనంగా మొదటి బంతి వేసింది బిల్ గ్రీసన్. వయసు 99. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్‌గా ఐవో జిమా దీవి పోరులో ఉన్నారు. 1948లో బ్లాక్ బారన్స్‌లో మేస్‌తో కలిసి ఆడారు. తర్వాత కార్డినల్స్‌కి ఆడిన మొదటి నల్లజాతి పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) అయ్యారు. ఆ తర్వాత ఆట వదిలి, అదే బర్మింగ్‌హామ్‌లో చర్చి పాస్టర్‌గా దశాబ్దాలు పనిచేశారు. కుర్రాడిగా మేస్‌ని చూసిన మనిషి, అదే గడ్డ మీద, అతను పోయిన రెండు రోజులకు బంతి విసిరారు. ఆనాటి మ్యాచ్‌కి అంపైర్లందరూ నల్లవాళ్లే, మేజర్ లీగ్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. టీవీ చర్చలో నల్లజాతి మాజీ ఆటగాడు రెజీ జాక్సన్ మరో వైపు కూడా చెప్పారు. 1967లో తాను బర్మింగ్‌హామ్‌లో ఆడినప్పుడు హోటళ్లలో గది ఇవ్వలేదు, తిండి పెట్టలేదు, ఆ బాధ ఎవరికీ రాకూడదు అన్నారు. అలాంటి రాత్రిన ఆ మాట అవసరమా అని కొందరు నొచ్చుకున్నారు. నా ఉద్దేశంలో చాలా అవసరం. మేస్‌ని కన్న ఊరు ఎలాంటిదో చెప్పకుండా ఆయన్ని పొగిడితే ఆ పొగడ్త సగమే అవుతుంది. అన్నట్టు, మ్యాచ్ జెయింట్స్ ఓడిపోయింది, 6-5.

ఆయన్ని తలుచుకోవడంలో లెక్కల పుస్తకానికీ వాటా ఉంది. నీగ్రో లీగ్స్‌ని మేజర్ లీగ్‌లుగా గుర్తిస్తున్నట్టు 2020 డిసెంబరులో ప్రకటించారు. 2024 మే చివర్లో ఆ గణాంకాలను అధికారిక రికార్డుల్లో కలిపారు. 1948లో కుర్రాడిగా మేస్ కొట్టిన 10 హిట్లు అలా చేరాయి (హిట్ అంటే బంతిని కొట్టి, ఔటవకుండా కనీసం మొదటి బేస్, అంటే పరుగు దారిలో మొదటి మజిలీ, చేరడం). 3,283గా ఉన్న లెక్క 3,293 అయింది. ఆయన పోవడానికి సుమారు మూడు వారాల ముందు సంగతి. మూడు వేలు దాటిన మనిషికి పది ఒక లెక్కా అనుకోవచ్చు. కానీ ఆ పది హిట్లతో పాటు, పేరైనా వినకుండా పోయిన ఎందరో నల్లజాతి ఆటగాళ్ల జీవితాలు ఆ పుస్తకంలోకి వచ్చాయి. బతికివుండగా అది చూసి వెళ్లారు కదా అని నాకు తృప్తి.

ఇప్పుడు వీధి సంగతికి వస్తాను. 1950లో న్యూయార్క్ జెయింట్స్ ఆయన్ని తీసుకున్నారు. 1951 మే నెలలో మినియాపోలిస్‌లో చిన్న లీగ్ ఆడుతుంటే, 35 మ్యాచ్‌ల్లో .477 సగటుతో (రెండుసార్లు బ్యాట్ పడితే దాదాపు ఒక హిట్) బాదుతుంటే, పెద్ద జట్టుకి పిలిచారు. మా కుర్రాణ్ని ఎందుకు లాక్కుపోయారని అక్కడి జనం బాధపడితే జట్టు యజమాని పత్రికలో క్షమాపణగా ప్రకటన వేయించాడు. ఇంత జరిగాక న్యూయార్క్‌లో మొదటి పన్నెండుసార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్టూ కొట్టలేదు. ఆ తర్వాత వారెన్ స్పాన్ అనే గొప్ప పిచర్ బంతిని హోమ్ రన్ (సిక్సర్ లాంటిది) కొట్టారు. మళ్లీ తడబాటు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఏడుస్తూ కూర్చుంటే మేనేజర్ లియో డ్యూరోషర్ వచ్చి, నేనిక్కడ ఉన్నంతకాలం సెంటర్ ఫీల్డ్ నీదే అన్నాడు. సెంటర్ ఫీల్డ్ అంటే బౌలర్ వెనక, లాంగాఫ్‌కీ లాంగాన్‌కీ మధ్య ఉన్న బౌండరీ వైపు అనుకోండి. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి మేస్‌దే. బ్యాటింగ్ సరిగ్గా పడక దిగులుపడే ప్రతి పిల్లాడికీ నేను చెప్పే కథ ఇదే.

అప్పట్లో ఆయన హార్లెమ్‌లో, పోలో గ్రౌండ్స్ స్టేడియంకి దగ్గర్లో ఉండేవారు. మ్యాచ్ రోజుల్లో కూడా వీధిలోకి వచ్చి పిల్లలతో చీపురు కర్ర బ్యాటుగా, రబ్బరు బంతితో ఆడేవారు. ఆ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యారు. ఆయన పోయినప్పుడు వాళ్లు చెప్పుకున్నది 660 హోమ్ రన్ల గురించి కాదు, “మా వీధిలో మాతో ఆడాడు” అని. జనానికి సరదాగా ఉంటుందని, పరుగెత్తితే ఎగిరిపోయేలా కొలత కుదరని టోపీ పెట్టుకునేవాణ్నని ఆయనే తర్వాత చెప్పారు. పైనుంచి పడే బంతిని నడుము దగ్గర, గ్లౌజు దోసిలిలా పట్టి అందుకునేవారు. డబ్బిచ్చి చూడ్డానికి వచ్చినవాళ్లు సంతోషంగా ఇంటికి వెళ్లాలన్నది ఆయన పట్టుదల.

1958లో జట్టు శాన్ ఫ్రాన్సిస్కోకి మారింది. ఈ ఊరు మొదట్లో ఆయన్ని మనస్ఫూర్తిగా దగ్గరికి తీసుకోలేదు. ఇల్లు కొనబోతే, నల్లవాడికి అమ్మితే చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరని యజమాని వెనక్కి తగ్గాడు. గొడవ పత్రికలకెక్కాక, మేయర్ కలగజేసుకున్నాక ఆ ఇల్లు దక్కింది. తర్వాత కిటికీ అద్దం పగలగొట్టారు కూడా. మొదటి సీజన్‌లో ఇక్కడి అభిమానులు జట్టులో ఉత్తముడిగా ఎన్నుకున్నది ఓర్లాండో సెపెడాని. మేస్ న్యూయార్క్ సొత్తు అన్నట్టు చూశారు. ఈ రోజు స్టేడియం చిరునామాయే ‘24, విల్లీ మేస్ ప్లాజా’. ఆయన జెర్సీ నంబరు 24, విగ్రహం చుట్టూ 24 తాటి జాతి చెట్లు, రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు 24 అడుగులు. ఊరు ఆయన్ని సొంతం చేసుకోవడానికి టైమ్ పట్టింది, మనసు గెలిచింది మాత్రం ఆటే.

ఆ ఆటలో ఒక రాత్రి గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1963 జూలై 2, జెయింట్స్ అప్పటి మైదానం క్యాండిల్‌స్టిక్ పార్క్. ఇటు జెయింట్స్ పిచర్, 25 ఏళ్ల హువాన్ మారిషల్, అటు ఎదుటి జట్టు పిచర్, 42 ఏళ్ల వారెన్ స్పాన్. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆట, ఇద్దరూ ఒక్క పరుగూ ఇవ్వకుండా, ఇద్దరిలో ఎవరూ బంతి వేరే పిచర్ చేతికి ఇవ్వకుండా పదహారో ఇన్నింగ్స్‌దాకా లాగారు. అప్పుడు మేస్ కొట్టారు, హోమ్ రన్, 1-0. పన్నెండేళ్ల ముందు తన తొలి హోమ్ రన్ ఏ పిచర్ మీద కొట్టారో ఆ స్పాన్ మీదే. అర్ధరాత్రి దాటింది. దుప్పటి కింద చిన్న రేడియో పెట్టుకుని, అమ్మానాన్నలకు తెలియకుండా విన్నామని చెప్పే పెద్దవాళ్లను నేను కలిశాను. మీ కోచ్ గారి వయసుని బట్టి చూస్తే ఆయనా ఆ పిల్లల్లో ఒకరేమో అడగండి.

1965 ఆగస్టు 22న, ఒక పగటి మ్యాచ్‌లో, మరో రకం సంఘటన జరిగింది. డాడ్జర్స్‌తో గొడవలో మారిషల్ కోపం ఆపుకోలేక క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) జాన్ రోజ్‌బరో తల మీద బ్యాటుతో కొట్టాడు. మైదానమంతా కొట్లాట. మేస్ ఎదుటి జట్టువాడైన రోజ్‌బరోని పట్టుకుని, రక్తం తుడుస్తూ పక్కకు తీసుకెళ్లారు. ఆయన లేకపోతే ఆ రోజు ఎక్కడికి పోయేదో చెప్పలేం. రికార్డు పుస్తకంలో దీనికి గడి లేదు. కానీ ఆయన ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

పిల్లాడికి ఒట్టి పొగడ్తలే ఇవ్వకండి. పౌర హక్కుల ఉద్యమ కాలంలో మేస్ గట్టిగా నోరు విప్పలేదని జాకీ రాబిన్సన్ బహిరంగంగానే తప్పుపట్టారు. నా పని ఆట, యువ ఆటగాళ్లకు చేయగలిగింది లోపల చేస్తాను అన్న పద్ధతి మేస్‌ది. ఇద్దరిలో ఎవరిది సరైన దారి అని నేను తీర్పు చెప్పను, పిల్లాడు రెండూ విని ఆలోచించుకోనివ్వండి. 2015లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇస్తూ బరాక్ ఒబామా, విల్లీ లాంటివాళ్లు ఉండబట్టే నాలాంటివాడు అధ్యక్ష పదవి గురించి ఆలోచించగలిగాడు అన్నారు. ఇంకొకటి: 1979లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా) తీసుకున్న ఏడాదే, ఒక కాసినోలో అతిథుల్ని పలకరించే ఉద్యోగం ఒప్పుకున్నందుకు బేస్‌బాల్‌తో ఏ సంబంధమూ పెట్టుకోకూడదని నిషేధించారు. 1985లో గానీ ఎత్తేయలేదు. ఆయనకు అది చాలా కష్టంగా గడిచిన కాలం.

ఇంటి మనిషిగా ఆయన ఎలా ఉండేవారన్నది తక్కువమందికి తెలుసు. భార్య మే లూయీస్‌కి అల్జీమర్స్ వచ్చింది. 2013లో ఆవిడ పోయేదాకా ఏళ్ల తరబడి చూసుకున్నారు. బారీ బాండ్స్‌కి ఆయన గాడ్‌ఫాదర్. బాండ్స్ తండ్రి బాబీ, మేస్ ఒకే జట్టులో ఆడారు. 2004 ఏప్రిల్‌లో బాండ్స్ తన 660వ హోమ్ రన్ కొట్టి మేస్ లెక్కను అందుకుంటే, మేస్ స్వయంగా మైదానంలోకి వచ్చి దీవించారు. తన రికార్డు పక్కకు ఇంకొకరు వచ్చిన రోజున అంత ఆనందపడటం అందరివల్లా కాదు. 2024 జూలై 8న జెయింట్స్ స్టేడియం ఒరాకిల్ పార్క్‌లో జనమందరికీ ఉచితంగా తలుపులు తెరిచి సంస్మరణ సభ పెట్టినప్పుడు బాండ్స్ మాట్లాడారు. నాలుగు గోడల మధ్య అంత్యక్రియలతో ఊరుకోకుండా స్టేడియంలో సభ పెట్టి కుటుంబం మంచి పని చేసింది.

న్యూయార్క్ కూడా మరిచిపోలేదు. 1972లో ఆయన్ని మెట్స్ జట్టుకి తెచ్చినప్పుడు యజమానురాలు జోన్ పేసన్, 24 నంబరు ఇకమీదట ఇంకెవరికీ ఇవ్వనని మాటిచ్చారు. 1975లో ఆవిడ పోయారు, ఆ మాట అలా ఉండిపోయింది. 2022 ఆగస్టు 27న, పాత ఆటగాళ్లందర్నీ పిలిచిన రోజున, మెట్స్ ఆ మాట నిలబెట్టారు. అప్పటికి మేస్ బతికే ఉన్నారు. ఇది నాకు విగ్రహాలకంటే గొప్పగా అనిపిస్తుంది.

ఇక మీవాడి ప్రసంగం. అంకెల జాబితా చదివించకండి. 660 హోమ్ రన్లు, 12 గోల్డ్ గ్లౌవ్‌లు (ఫీల్డింగ్ బహుమతులు), 24 ఆల్‌స్టార్ మ్యాచ్‌లు (మేటి ఆటగాళ్లను ఎంచి ఆడించేవి), ఒక్క వాక్యం చాలు. సైన్యంలో పనిచేయాల్సి వచ్చి 1952లో చాలాభాగం, 1953 మొత్తం ఆడలేదని కూడా చెప్పించండి, అప్పుడా 660 ఎంత పెద్దదో తెలుస్తుంది. మిగతా సమయమంతా ఒకే క్యాచ్ మీద పెట్టమనండి. 1954 సెప్టెంబరు 29, వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్ పోటీలు) మొదటి మ్యాచ్, పోలో గ్రౌండ్స్, ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, ఎదుటి జట్టు క్లీవ్‌ల్యాండ్ రన్నర్లు ఇద్దరు బేస్‌ల మీద. విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి సుమారు 420 అడుగులు వెళ్లింది. సెంటర్ ఫీల్డ్‌లో ఉన్న మేస్ బ్యాటర్‌కి వీపు చూపిస్తూ పరుగెత్తి, భుజం మీదుగా వచ్చిన బంతిని అందుకున్నారు. సెంటర్ ఫీల్డ్ అంటే బౌలర్ వెనక, లాంగాఫ్‌కీ లాంగాన్‌కీ మధ్య ఉన్న బౌండరీ వైపు అనుకోండి. అందరూ క్యాచ్ దగ్గరే ఆగిపోతారు. మీవాడు ఆ తర్వాతి క్షణం చెప్పాలి. పట్టుకున్న ఊపులోనే గిర్రున తిరిగి, టోపీ ఎగిరిపోతుండగా, బంతిని లోపలికి విసిరారు. రెండో బేస్ మీద ఉన్న లారీ డోబీ మూడో బేస్‌కే పరిమితమయ్యాడు, ఇంకొకడు కదలనే లేదు. పరుగు రాలేదు. పరుగెత్తేటప్పుడు తన ఆలోచనంతా క్యాచ్ మీద కాదు, బంతిని ఎంత త్వరగా వెనక్కి పంపాలా అనే దాని మీదే ఉందని మేస్ చెప్పేవారు. జెయింట్స్ ఆ మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో 5-2తో గెలిచింది, సిరీస్ 4-0తో.

ప్రసంగానికి ముందు ఒక శనివారం పిల్లాణ్ని విగ్రహం దగ్గరికి తీసుకెళ్లండి. థర్డ్ స్ట్రీట్, కింగ్ స్ట్రీట్ కలిసేచోట, స్టేడియం గేటు బయటే ఉంటుంది, టికెట్ అక్కర్లేదు. మ్యాచ్ ఉన్న రోజైతే మరీ మంచిది, మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చే తాతలు ఎవరో ఒకరు అక్కడ నిలబడి ఉంటారు. మీవాణ్ని వాళ్లను పలకరించమనండి, “మీరు ఆయన ఆట చూశారా?” అని ఒక్క ప్రశ్న అడగమనండి. వీలైతే కోచ్ గారిని కూడా రమ్మని పిలవండి.